పాపను అడిగారా?

ఉక్కు ఫ్యాక్టరీలో ఉదయం షిఫ్టుకు పోవలసిన వారున్న ఇళ్ళల్లో తెల్లవారకముందే దీపాలు వెలుగుతాయి. గాజువాకలో అలాంటి ఇల్లు ఒకటి ఊహించుకుందాం. తండ్రి డ్యూటీకి వెళ్ళాడు. తల్లి ఎనిమిదేళ్ళ కూతుర్ని ఎత్తుకుని స్నానాలగదిలోకి తీసుకుపోతున్నది. పిల్లకు సెరిబ్రల్ పాల్సీ. అంటే, కదలికలను నడిపించే మెదడు భాగం పసితనంలోనే దెబ్బతిన్నది. అందువల్ల కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి చెప్పిన మాట వినవు. స్నానం కాగానే ఊళ్ళోకి పోయే బస్సు పట్టుకోవాలి. వారానికి రెండు రోజులు అక్కడ పిల్లచేత వ్యాయామం చేయిస్తారు.

ఈ వైద్యంవల్ల ఏం కావాలని ఆ ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగి చూడండి.

"నడవాలండీ. అంతకన్న ఇంకేం అక్కర్లేదు" అంటాడు తండ్రి.

తల్లి కాసేపు తటపటాయిస్తుంది. "తనంతట తాను నాలుగు చెంబులు నీళ్ళు పోసుకుంటే చాలు. ఎత్తలేక నా నడుము పడిపోతోంది."

"పెళ్ళికి తీసుకెళ్తే పంక్తిలో కూకుని తన చేత్తో తినాల బాబూ! నలుగురిలో నేను ముద్దలు పెడుతుంటే పిల్ల తల దించేసుకుంటాది" అంటుంది మామ్మ.

వ్యాయామం చేయించే చోట కాగితం చూస్తే, "మోకాళ్ళ బిగువు తగ్గించుట" అని ఉంటుంది.

ఇంతమందిని అడిగాము గాని, పాపను అడిగామా? అడిగితే ఆ పిల్ల అనే మాట ఇది: "సాయంత్రం ఎదురింటి అరుగుమీద అందరూ అష్టాచెమ్మా ఆడతారు. నన్నూ కూర్చోబెట్టరూ?"

పెద్దవాళ్ళకు ఇది ఆటలాగే కనిపిస్తుంది. కాని కాస్త ఆలోచించండి. గవ్వలు వేయాలంటే నేలమీద నిబ్బరంగా కూర్చోవాలి, ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. అదే వస్తే పీటమీద కూర్చుని చెంబు ముంచుకోవచ్చు. పంక్తిలో విస్తరి ముందు కూర్చోవచ్చు. తల్లి కోరిక, మామ్మ కోరిక, పిల్ల కోరిక మూడూ ఒక్కచోటనే కలిశాయి!

మరి నడక మాటో? దాన్ని వైద్యుణ్ణి సూటిగా అడగవలసిందే. కెనడాలోని పరిశోధకులు 1997లో ఈ పిల్లల కదలికలను 5 తరగతులుగా విభజించారు. మొదటి తరగతివారు నడుస్తారు. అయిదో తరగతివారికి చక్రాల కుర్చీయే ఆధారం. వందలాది పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి, కూర్చోవడం, నడవడం వంటి పెద్ద కదలికలలో పిల్లలు చేరగలిగినంత మేర సుమారు 90 శాతం అయిదేళ్ళ వయస్సు లోపలే చేరుతారని 2002లో ప్రకటించారు. ఇది నిరాశపరచే మాట కాదు. నడక కోసమే ఏళ్ళన్నీ ధారపోసి, రావలసిన మిగతా పనులు రాకుండా చేసుకోవద్దని హెచ్చరిక.

ఇంటివారి కోరికను వైద్యంలో చేర్చడానికి పద్ధతులున్నాయి. 1991లో కెనడాలోనే వచ్చిన ఒక పద్ధతిలో ముందు ఇంటివారితో మాట్లాడి ముఖ్యమైన పనులు ఎంచుతారు. ఆ పని ఇప్పుడు ఎంత బాగా జరుగుతున్నది, దానితో మీకెంత తృప్తి అని అడిగి పదికి మార్కులు వేయిస్తారు. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ వేయిస్తారు. మార్కులు వేసేది ఇంటివారే!

అమెరికాలో 1968లో పుట్టిన ఇంకొక పద్ధతి మెట్లది. మన పాప సంగతే తీసుకోండి. ఇప్పుడు ఎవరో పట్టుకుంటేనే కూర్చుంటుంది. ఇది అడుగు మెట్టు. గోడకు ఆనుకుని అయిదు నిమిషాలు కూర్చుంటే రెండో మెట్టు. ఆనుకునే పది నిమిషాలు కూర్చుని గవ్వలు వేస్తే అది మనం అనుకున్న మూడో మెట్టు. ఆనుకోకుండా వేస్తే నాలుగు. ఆట ముగిసేదాకా కూర్చుంటే అయిదు. దీనికి గడువు కూడా పెట్టుకోవాలి, సంక్రాంతి లోపల అన్నట్లుగా.

ఇలా చేస్తే ఫలితముంటుందా? ఆస్ట్రేలియాలో 36 మంది సెరిబ్రల్ పాల్సీ పిల్లలమీద జరిగిన పరీక్ష 2009లో ప్రచురితమైంది. ఇంటివారు ఎంచుకున్న లక్ష్యాలకోసం తలిదండ్రులే ఇంట్లో సాధన చేయించారు. నెలకు 17 సార్లు, ఒక్కోసారి పావుగంటకు కాస్త పైన, అంతే. 8 వారాలకే ఆ పిల్లలు ఇంటి సాధన లేని పిల్లలకంటె మెరుగయ్యారు.

మన విశాఖలో 1923లో వెలిసిన కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది. పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఉన్నది. పుట్టినప్పటినుంచి 18 ఏళ్ళవరకు పిల్లలను పరీక్షించి, లోపముంటే చికిత్సకు పంపే ప్రభుత్వ పథకం 2013లో మొదలైంది. ఎక్కడికి వెళ్ళినా ఇంటి కోరిక రాసిన కాగితం ఒకటి వెంట ఉండాలి. "మా పిల్లకు ఫలానా పని రావాలి, దానికి ఈ వ్యాయామం ఎలా పనికివస్తుంది?" అని అడగడానికి మొహమాటపడవద్దు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. ఇంట్లో చేయలేని సాధన చెబితే, "మాకు కుదరదండీ, ఇంకోటి చెప్పండి" అనడం కూడా తప్పు కాదు.

పిల్లను అడగడం కేవలం ముద్దు కాదు, చట్టం కూడా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నాలుగో సెక్షను తమకు సంబంధించిన విషయాలన్నింటిలోను అభిప్రాయం చెప్పుకునే హక్కు పిల్లలకిచ్చింది. వయస్సునుబట్టి, లోపాన్నిబట్టి అందుకు సాయం కూడా చేయాలన్నది. మాట రాని పిల్లయితే రెండు బొమ్మలు చూపించి అడగవచ్చు. చూపుతోనైనా జవాబు చెబుతుంది.

షిఫ్టు దిగి వచ్చిన ఆ తండ్రి నడక ఆశ వదులుకోనక్కరలేదు. వైద్యుడు సరేనంటే కాగితంలో దానికీ ఒక వరుస ఉంటుంది. ఈ సాయంత్రానికి మాత్రం ఎదురింటి అరుగుమీద, గోడవారగా, పాపకు కాస్త చోటు చూడాలి.