సర్కారు తప్పుకుంటే దిగేదెవరు? కొల్లేరు చెప్పే సమాధానం

ధరలను, కూలి రేట్లను, భూమిని, నీళ్లను మార్కెట్టుకే వదిలెయ్యాలి, సర్కారు వేలు పెట్టకూడదు అనే వాదన పట్నాలు దాటి పల్లెటూళ్ల టీ బడ్డీల దాకా వచ్చింది. దానికి ఎదురుగా, అంతా సర్కారే చూసుకోవాలనే మాట మన వాళ్లలోనే కొందరి నోట వినిపిస్తోంది. ఈ రెండింటికీ నడుమ హద్దు ఎక్కడ గియ్యాలి? ఇది పెద్ద చదువులవాళ్లు తేల్చుకునే సంగతిలే అని మనం ఊరుకుంటే, ఆ హద్దును మన పొట్టల మీదుగా గీసేస్తారు. దీనికోసం లావుపాటి పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. ఏలూరు పక్కనే కొల్లేరు ఉంది. యాభై ఏళ్లుగా అక్కడ మార్కెట్టు ఏం చేసిందో, సర్కారు ఏం చేసిందో మన కళ్లెదుటే ఉంది.

పునాది ఎవరు వేశారు?

ముందుగా ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. ఈ డెల్టాలో వడ్ల వ్యాపారం తనంతట తాను పుట్టలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలువలు తవ్వారు, ఆ తరవాతే వడ్లు బస్తాలకెక్కాయి. ఆ ఆనకట్ట ఏ షావుకారూ కట్టలేదు. తెల్లదొరల సర్కారు శిస్తుల మీద ఆశతో కట్టించింది, కూలి జనం రెక్కలు ముక్కలు చేసుకుని కట్టారు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు చూడండి. కొనేవాళ్లు పదిమంది, అమ్మేవాళ్లు వందమంది, అందరి ఎదుటా పాట, అందరికీ ఒకటే కాటా. అక్కడ బేరం ఉంది. కానీ మార్కెట్ యార్డు, లైసెన్సు, కాటా తనిఖీ, ఇవన్నీ చట్టం పెట్టిన కట్టుబాట్లే. మన రాష్ట్రంలో మార్కెట్ కమిటీల చట్టం 1966లో వచ్చింది. అంటే మంచి మార్కెట్టుకు కూడా వెనక ఒక మంచి నిబంధన నిలబడి ఉండాలి.

కాబట్టి సర్కారు లేని మార్కెట్టు అనేది ఎక్కడా లేదు. సర్కారు ఎప్పుడూ ఉంది. ఎవరి పక్కన ఉందన్నదే అసలు ప్రశ్న.

ఇచ్చి వదిలేసిన సర్కారు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో డ్రెయిన్లు దాంట్లో కలుస్తాయి. అక్కణ్ణించి నీళ్లు సముద్రానికి చేరడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. లంక గ్రామాల్లోని వడ్డి కులస్తులు వలలు, దోనెలు వేసుకుని చేపలు పట్టి బతికేవారు. కొల్లేరు ఎండిన ఏడు దాని గర్భంలో వరి వేసుకునేవారు. వరదొస్తే పంట పోయేది. కాపురం కొల్లేరైందని మనం అనే మాట ఊరికే పుట్టలేదు.

1970ల నడుమ, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, ప్రభుత్వం కొల్లేటి పేదలకు చేపల చెరువులు ఇప్పించింది. మత్స్యకారులకు, దళితులకు సహకార సొసైటీలు పెట్టించి వాటి పేర చెరువులు కేటాయించింది. ఉద్దేశం మంచిదే. వరదకు పోయే వరి కంటే, వరదను ఓర్చుకునే చేప మేలని లెక్క వేశారు.

తరవాత జరిగిందేమిటి? చెరువంటే గట్టు వెయ్యాలి, తూము పెట్టాలి, పిల్లను వదలాలి, తవుడూ చెక్కా మేత వెయ్యాలి. పట్టుబడి నాటికి ఐసు, పెట్టె, కలకత్తా వెళ్లే లారీ, అన్నీ సొమ్ముతో పనే. ఆ సొమ్ము సభ్యుడి దగ్గర లేదు. అవసరమైనంత అప్పు సకాలంలో బ్యాంకు ఇవ్వలేదు. చెరువు ఇచ్చిన సర్కారు పెట్టుబడి దగ్గర చేతులు దులుపుకుంది. ఆ ఖాళీలోకి బయటి పెట్టుబడిదారు దిగాడు. లీజు కాగితం మీద సభ్యుడు వేలిముద్ర వేశాడు. ఏడాదికింత అని లీజు సొమ్ము తీసుకుని, తన పేరనున్న చెరువు గట్టు మీద తానే కాపలా కూలీ అయ్యాడు. పేరు సొసైటీది, లాభం లీజుదారుడిది. దీన్నే కొందరు స్వేచ్ఛగా కుదిరిన ఒప్పందం అంటారు. ఒకడికి డబ్బు అవసరం ఇవాళ, ఇంకొకడికి చెరువు అవసరం ఎప్పుడైనా సరే. అలాంటి చోట ఇద్దరికీ సమానమైన స్వేచ్ఛ ఎక్కణ్ణుంచి వస్తుంది?

చెరువులు కొల్లేటితో ఆగలేదు. చుట్టుపక్కల వరి చేలలోకీ పాకాయి. వరి చేనంటే ఊడ్పు ఉంది, కలుపు ఉంది, కోత, కుప్ప నూర్పు ఉన్నాయి. సార్వాకూ దాళ్వాకూ ఆడకూలీలకు నాలుగు డబ్బులు దొరికేవి. చేను చెరువైతే కాపలాకొకడు, మేతకు ఇద్దరు, పట్టుబడి రోజున వల లాగే ముఠా. మిగిలినవాళ్లకు పనే లేదు. ఎకరానికి ఆదాయం పెరిగిందని లెక్కలు రాసేవాళ్లు, ఆ ఎకరం మీద బతికిన ఆడకూలీలు ఏమైపోయారో రాయరు. పైగా చెరువుల్లోని మురికి నీళ్లు డ్రెయిన్లలోకి వదిలారు. తాగే నీళ్లు చెడ్డాయి. ఇప్పుడు కూలికి పోయే ఇల్లాలు 20 లీటర్ల టిన్ను కొనుక్కుని ఇంటికి మోసుకుంటోంది. నీళ్లు పాడుచేసి సంపాదించుకున్నది ఒకరు, బాగుచేసిన నీళ్లు అమ్ముకుంటున్నది ఇంకొకరు. రెండుసార్లూ డబ్బు కట్టింది పేదవాళ్లే.

పొక్లెయిన్‌తో తిరిగొచ్చిన సర్కారు

1999లో ప్రభుత్వం 120వ నంబరు జీవో ఇచ్చింది. సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత, అంటే అయిదో కాంటూరు లోపలి ప్రాంతాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. అది సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. కాగితం మీద చెరువులన్నీ అక్రమమైపోయాయి. నేల మీద మాత్రం ఏళ్ల తరబడి గట్లు లేస్తూనే ఉన్నాయి. ఆ లేచిన గట్లు కనపడని అధికారి లేడు.

చివరకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, 2006లో పొక్లెయిన్లు దిగాయి. ఆపరేషన్ కొల్లేరు అన్నారు. గట్లు తెగ్గొట్టారు. సరస్సును కాపాడవలసిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ దెబ్బ అందరికీ ఒక్కలా తగల్లేదు. లీజుకు తీసుకున్న పెట్టుబడిదారుడు వేరే చోట చెరువు వెతుక్కోగలడు. సొసైటీ సభ్యుడికి వెతుక్కునే చోటు లేదు. గట్లు కొట్టడంలో చూపిన చురుకు, కొట్టిన తరవాత ఆ కుటుంబాలకు బతుకుదెరువు చూపడంలో కనపడలేదు. 2008లో అసెంబ్లీ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానం చేసింది. ఆ తరవాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అందుకు ఒప్పుకోలేదు. ఈ తగువు సాగుతుండగానే చెరువులు మళ్లీ తలెత్తాయి.

చూడండి, ఒకే సర్కారు మూడు వేషాలు వేసింది. మొదట ఇచ్చి వదిలేసింది. తరవాత చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆఖరికి పొక్లెయిన్ తెచ్చింది. మూడింటిలో ఏ వేషంలోనూ సభ్యుడి పక్కన నిలబడలేదు. కంచే చేను మేస్తే అంటారు. ఇక్కడ కంచె ఒకసారి నిద్రపోయింది, ఒకసారి చేను మీదే కూలింది.

మోత కూలి ఎవరిస్తారు?

మార్కెట్టు ఎక్కడ పనికిరాదో కొల్లేరే చెబుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి, గండ్లు పడి, విజయవాడ మునిగింది. ఆ నీళ్లు తరవాత కొల్లేటికొచ్చాయి. లంక ఊళ్లలో ఇళ్లు మునిగాయి, ఏలూరు కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి. కొల్లేరు వరదను మోసే తల్లి. దాని కడుపులో గట్లు వేస్తే నీళ్లు మన ఇళ్లలోకొస్తాయి. అది మోసే వరదకు మోత కూలి ఏ మార్కెట్టయినా ఇస్తుందా? చేపకు కిలో ధర ఉంది. వరదను ఆపుకున్నందుకు సరస్సుకు ధర లేదు. ధర లేని దాన్ని వ్యాపారం లెక్కచెయ్యదు. అలాంటి దానికి కాపలా ఉండవలసింది సర్కారే.

మన శ్రమ సంగతీ అంతే. చేపను ఐసులో పెట్టి నాలుగు రోజులు ఆగొచ్చు. వడ్లను గోదాములో పెట్టి నాలుగు నెలలు ఆగొచ్చు. కూలివాడి రోజు నిల్వ ఉండదు. ఇవాళ్టి పని ఇవాళ దొరక్కపోతే ఆ రోజు పోయినట్టే. రెక్కాడితేగాని డొక్కాడని మనిషి బేరానికి ఎంతసేపు కూర్చోగలడు? 1948లోనే కనీస వేతనాల చట్టం తెచ్చింది ఇందుకే. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు అది దానమని వెక్కిరించినవాళ్లున్నారు. ఇంట్లో బియ్యం ఉన్న మనిషే గట్టు మీద నిలబడి రేటు అడగగలిగింది. 2005 ఉపాధి హామీ చట్టం వచ్చాక ఆసాముల్లో చాలామందికి ఎందుకు కోపమొచ్చిందో మనకు తెలుసు. కాదని వెళ్లడానికి కూలీకి ఇంకొక చోటు దొరికింది.

ఇక్కడ మాకు తోచిన కొలత ఒకటుంది. ఇద్దరూ కాదని లేచిపోగలిగిన చోట బేరం జరగనివ్వండి. లేచిపోయే దారి ఒకడికే ఉన్నచోట సర్కారు నిలబడాలి. ఉల్లిపాయల పాటకు సర్కారు కాటా చూస్తే చాలు. కొల్లేరు చేపను సర్కారే పట్టి సర్కారే అమ్మాలని మేము అనడం లేదు. తిండి, తాగే నీరు, కూలి, సరస్సు, వీటిని మాత్రం వేలం పాటలో పెట్టనివ్వం.

స్వేచ్ఛ అడిగేవారి రెండు నాలుకలు

సర్కారు వద్దనే పెద్దలను కూడా ఒకసారి గమనించండి. 2019 నుంచి ఆక్వా జోన్లలో కరెంటు యూనిట్ రూపాయిన్నరకే ఇచ్చారు. అది ఏ మార్కెట్టు ధర? మేము దాన్ని తప్పు పట్టడం లేదు, చిన్న రైయ్యల రైతుకు అది కావాలి. కానీ కరెంటు అడిగేటప్పుడు సర్కారు తల్లిదండ్రి, కూలి రేటు అడిగేటప్పుడు సర్కారు శత్రువు అంటే కుదరదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ప్రపంచానికంతా స్వేచ్ఛా వాణిజ్యం పాఠం చెప్పిన దేశమది. దెబ్బ భీమవరం, ఆకివీడు చెరువుల దాకా తగిలింది. ఆనాడు ఎగుమతిదారులందరూ పరుగెత్తింది సర్కారు దగ్గరికే.

వడ్ల దగ్గరా ఇదే తంతు. 2025-26కు సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1,777 రూపాయల దగ్గర. కళ్లంలో వడ్లు తడిసి, గోనె సంచులు రాక, లారీ రాక ఆలస్యమైతే ఆ ధర కాగితానికే. దళారీ చెప్పిందే ధర. కౌలుదారుకు ఇంకో ముడి ఉంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూమి ఆసామి సంతకం పెట్టాలి. ఆసామి పెట్టడు. అంటే సర్కారు ఉన్నా కౌలుదారుకు లేనట్టే. 2020లో తెచ్చిన మూడు సాగు చట్టాలు కూడా మార్కెట్టు పేరుతోనే వచ్చాయి. రైతులు ఢిల్లీ పొలిమేరల్లో ఏడాది కూర్చుంటేగాని 2021లో వెనక్కి పోలేదు.

ఏం అడగాలి?

అయిదో కాంటూరు హద్దును నేల మీద రాళ్లు పాతి చూపించాలి. తొలగింపు పెద్ద లీజుదారుల చెరువులతో మొదలుపెట్టాలి. హద్దు లోపల జిరాయితీ భూమి పోయే చిన్న రైతుకు ముందే పరిహారం ఇవ్వాలి. వల వేసి బతికేవాళ్ల హక్కును రాతపూర్వకంగా గుర్తించాలి.

సొసైటీ లెక్కలు, లీజు కాగితాలు గ్రామసభలో చదివి వినిపించాలి. సభ్యుడికి సొసైటీ ద్వారానే అప్పు ఇవ్వాలి.

ఉప్పుటేరు, డ్రెయిన్ల పూడిక ఏటా వరదకు ముందే తియ్యాలి. మనుషులు చెయ్యగల పని మనుషులకే ఇవ్వాలి.

చెరువు కాపలాకు, మేతకు, పట్టుబడికి కనీస కూలి రాసిపెట్టి అమలు చెయ్యాలి. వడ్లను పండించినవాడి పేరనే కొనాలి. లంక ఊళ్లకు మంచినీళ్లు కుళాయిలో రావాలి.

సర్కారు రావాలి అన్నంత మాత్రాన సర్కారు మనదైపోదు. 1970లలో ఇచ్చిన చెరువులు చేజారింది, ఇచ్చినవాళ్లను అడిగే సంఘం ప్రతి లంకలోనూ లేనందువల్ల కూడా. మార్కెట్టుకు హద్దు గీసేది సర్కారు. సర్కారును ఆ హద్దు దగ్గర నిలబెట్టేది సంఘటితమైన కష్టజీవులు. వచ్చే గ్రామసభకు ప్రతి ఊరి నుంచీ మన కూలి సంఘం ఈ కోర్కెలు కాగితం మీద రాసి పట్టుకెళ్లాలి. చదివి వినిపించాలి, తీర్మానం పుస్తకంలో ఎక్కేదాకా లేవకూడదు.