కన్నీరు లేని వీడ్కోలు

ప్రణయకవిత్వ మనగానే విరహతాపము, నిట్టూర్పులు, చంద్రోపాలంభము పాఠకుని తలపునకు వచ్చును. ఆంగ్లమున సానెట్లు వ్రాసిన కవులును చిరకాల మీ త్రోవనే నడచిరి. పదునాలుగవ శతాబ్దమున ఇటలీ కవి పెట్రార్కు లారాను గూర్చి రచించిన సానెట్లు వారికి ఒరవడి. నాయిక కఠినచిత్త, నాయకుడు దీనుడు, అతని మొఱకు అంతము లేదు.

మైకేల్ డ్రేటన్ (1563–1631) కూడ మొదట ఈ ఒరవడిలోనే వ్రాసెను. తన సానెట్ల సంపుటమును 1594 మొదలు పలుమార్లు సంస్కరించి ప్రకటించుచు, 1619 నాటి ముద్రణలో వియోగమును గూర్చిన క్రొత్త సానెట్ నొకదానిని చేర్చెను. అందు నాయకుడు విలపింపడు. ఇక విడిపోవుటే మేలనియు, తనకు సంతోషమేననియు, చేసికొన్న బాసలన్నియు రద్దు చేయుదమనియు, మరల ఎదురుపడినను పూర్వానురాగపు జాడ మొగమున కానరాదనియు, బాకీ చెల్లువేయు వర్తకునివలె పలుకును. మాటలు కూడ చిన్నవి, పొడివి.

సానెట్‌నకు పాదములు పదునాలుగు. ఎనిమిది పాదముల పిమ్మట భావము మలుపు తిరుగుట సంప్రదాయము. మన సీసపద్యమున నాలుగు పాదములు నడచిన పిదప ఎత్తుగీతి వచ్చి భావమునకు ముడి వేయుట తెలుగు విద్యార్థు లెఱిగినదే. డ్రేటన్ తొమ్మిదవ పాదమున దృశ్యమునే మార్చును. ప్రేమ మరణశయ్యపై నున్నది, నాడి క్షీణించుచున్నది, విశ్వాసము ప్రక్కన మోకరిల్లినది. తుది రెండు పాదములలో, ఆమె తలచినచో ఇప్పటికిని దానిని బ్రదికింపవచ్చునని నాయకుడు పలుకును. అంతవఱకు కనబఱచిన నిర్లక్ష్యము ముసుగని అప్పుడు తెలియును.

మూడు శతాబ్దముల పిమ్మట అమెరికా కవయిత్రి ఎడ్నా సెయింట్ విన్సెంట్ మిలే (1892–1950) ఈ శిల్పమును చేపట్టెను. 1923లో వెలువడిన ఆమె సంపుటమునందలి ఒక సానెట్‌లో స్త్రీయే మాటలాడును. పురుషుని సాన్నిధ్యము తన దేహమును కలచిన మాట నిజమే. అది ప్రేమ కాదు. మరల కలిసికొన్నప్పుడు సంభాషించుటకు అంతమాత్రపు కారణము చాలదు. ఇంత నిష్కర్షగా చెప్పుటకు ఆమె గ్రహించిన ప్రాసక్రమము పెట్రార్కుదే! తరతరములుగా నాయకుని మొఱ మౌనముగా విన్న నాయిక, అతని ఛందస్సులోనే బదులు చెప్పినట్లున్నది.

కన్నీరు లేనిచోట ప్రేమ యుండునా యని తరగతిలో విద్యార్థి అడుగవచ్చును. డ్రేటన్ కవితలో ముసుగు తొలగి ఆశ బయటపడును. మిలే కవితలో తుదివఱకు ఏదియు తొలగదు. అక్కడ ముసుగే లేదో, కవయిత్రి తొలగనీయలేదో పాఠకుడే తేల్చుకొనవలెను. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి బిగ్గరగా చదివించిన ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నకు సగము సమాధానము చెప్పినవా డగును.