జిల్లా పేరు మారితే ఎన్ని క్లిక్కులు?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు కోయిలకుంట్ల కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఊరు కదల్లేదు గానీ కంప్యూటర్లలో దాచుకున్న చిరునామా పాతబడింది. అర్జీల నమూనాలు, సంఘాల జాబితాలు, బిల్లుల మీద ముద్రించే అడ్రసు, ఎక్కడ ‘కర్నూలు జిల్లా’ అని ఉంటే అక్కడల్లా మార్చుకోవాల్సిన పని అది. అలాంటి పనిని తెర మీది బొమ్మల్నీ మెనూల్నీ మౌస్‌తో నొక్కుతూ చేయొచ్చు. దాన్ని గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్ అంటారు. కీబోర్డు మీద ఒక ఆదేశం టైపు చేసి కంప్యూటర్‌తోనే చేయించొచ్చు. అది కమాండ్ లైన్. ఒకే పని ఎన్నిసార్లు చేయాల్సి వస్తుందో లెక్క చూసుకుని ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవాలన్నది నా వాదన.

ఒక్క అర్జీ దిద్దాలంటే మౌస్‌కు మించింది లేదు. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రం తయారుచేసిన ఆల్టో కంప్యూటర్‌తో మొదలై, 1984లో మాకింతోష్, ఆ తర్వాత విండోస్ 95 ఇళ్లకు చేర్చిన సౌకర్యం ఇదే: ఏదీ కంఠతా పట్టక్కర్లేదు, కళ్లముందున్నదాన్ని గుర్తుపడితే చాలు. ఫొటో కత్తిరించడానికైనా, పెళ్లిపత్రిక కూర్చడానికైనా కన్నే కొలబద్ద. కానీ అలాంటి ఫైళ్లు 300 ఉంటే? తెరవాలి, వెతకాలి, మార్చాలి, సేవ్ చేయాలి, మూయాలి. ఫైలుకు అయిదు పనుల చొప్పున 1500. నూరో ఫైలు దగ్గరికొచ్చేసరికి చెయ్యి అలిసి, ఏదో ఒకటి తప్పిపోతుంది. బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ 1970ల మొదట్లో రాసిన ‘సెడ్’ అనే ఆదేశానికి పాత మాట, కొత్త మాట ఇచ్చి ఒక్క వరుస కొడితే ఫోల్డర్‌లోని టెక్స్ట్ ఫైళ్లన్నీ క్షణాల్లో మారతాయి. పైగా ఆ వరుసను కాగితం మీద రాసి పక్క ఊరికి పంపొచ్చు. మౌస్‌తో ఎక్కడెక్కడ నొక్కామో అలా రాసి పంపడం కష్టం.

ఇంగ్లిష్‌లో ఉన్న ఆ ఆదేశాలు మామూలు మనుషులకు ఎక్కడ గుర్తుంటాయని అడుగుతారు. 2014లో దేశమంతటికీ అందిన *99# సంగతి చూడండి. ఇంటర్నెట్ లేని చిన్న ఫోన్‌లో ఆ గుర్తులు నొక్కి, వచ్చిన ప్రశ్నలకు అంకెలతో జవాబిస్తూ బ్యాంకు నిల్వ తెలుసుకోవచ్చు. రైల్వే రిజర్వేషన్ కౌంటర్‌లో గుమస్తా నంద్యాలకు ఎన్‌డీఎల్ అని కొట్టేది కూడా అలాంటి అలవాటుతోనే. రోజూ వాడే నాలుగైదు ఆదేశాలు వేళ్లకే వచ్చేస్తాయి, మిగతావి నోటు పుస్తకంలో ఉంటాయి. అయితే తెలుగువాళ్లకు నిజంగా అన్యాయం జరిగేది మరోచోట. కమాండ్ తెరను, అంటే టెర్మినల్‌ను, అక్షరానికి ఒక గడి చొప్పున, ఇంగ్లిష్‌కు సరిపడేలా కట్టారు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి యూనికోడ్‌లో ఆరు సంకేతాలు కావాలి. అవి ఆ గడుల్లో ఇమడక చాలా టెర్మినళ్లలో వత్తులు చెదిరిపోతాయి. ఫైలు లోపల మాత్రం తెలుగు చెక్కుచెదరదు, మార్పూ సరిగ్గానే జరుగుతుంది. పాత డీటీపీ ఫైళ్ల గొడవ ఇంకా పెద్దది. ‘అను’ ఫాంట్లలో కూర్చినవాటిలో పైకి తెలుగు కనిపించినా లోపలున్నది వేరే సంకేతాలు. యూనికోడ్‌లోకి మార్చందే ‘కర్నూలు’ అని వెతికితే దొరకదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం, ఆదేశానికి విచక్షణ లేదన్నది. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. 2022కు ముందు రాసిన దస్తావేజు నకలులో ‘కర్నూలు జిల్లా’ అనే ఉండాలి. దాన్నీ నంద్యాల చేసేస్తే ఆ కాగితం అబద్ధమవుతుంది. ‘చెరిపెయ్’ అన్న ఆదేశానికైతే రీసైకిల్ బిన్ కూడా ఉండదు. అందుకే ముందు ఫోల్డర్‌కు నకలు తీసుకోవాలి. మార్చమనకుండా, ఆ మాట ఏయే ఫైళ్లలో ఏ వరుసలో ఉందో మాత్రమే చూపించమనాలి. ఆ జాబితా చదివి, పాత తేదీ ఉన్నవాటిని ఒక్కొక్కటీ తెరిచి చూసి వేరే ఫోల్డర్‌లోకి లాగిపెట్టాలి. ఆ ఏరివేతకు మౌసే కావాలి.