గుర్రపు పందెంలో గెలుపు: పరిస్థితులు, జాకీ నిర్ణయాలు - నలోపాఖ్యానం నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం: గుర్రపు పందెంలో ఫలితాన్ని నిర్ణయించేది అదృష్టమా, నైపుణ్యమా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జాకీ చేతిలో లేని పరిస్థితులను, అతడు తీసుకునే నిర్ణయాలను వేరుచేసి చూపి, స్వారీ నైపుణ్యానికీ పందెం కాసేవారి అంచనాకూ గల భేదాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: గుర్రపు పందెం, జాకీ, మలక్‌పేట, నలోపాఖ్యానం, అశ్వహృదయం, అక్షహృదయం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు గుర్రపు పందేలు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, మౌలాలి నుంచి మలక్‌పేటకు తరలివచ్చాయి. వర్షాకాలంలోనూ శీతాకాలంలోనూ అక్కడ పందేలు జరుగుతుంటాయి. గుర్రపు పందెం జూదమా, క్రీడా అన్న వివాదంలో సుప్రీంకోర్టు 1996లో డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో తీర్పునిస్తూ, అది ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడినదని పేర్కొంది. గుర్రపు వేగాన్నీ, దమ్మునూ, జాకీ నేర్పునూ అందుకు ఆధారంగా చూపింది. అయితే ఆ నైపుణ్యం ఎవరిది అన్నది విడిగా ఆలోచించవలసిన విషయం.

2. జాకీ చేతిలో లేనివి

మొదటిది నేల. వానకు మెత్తబడిన నేలలో గిట్టలు దిగబడి, ప్రతి అంగకూ ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. గట్టి నేలపై వేగం పెరిగినా కాళ్లకు తాకిడి ఎక్కువ. రెండవది బరువు. హ్యాండిక్యాప్ పందేలలో మంచి రేటింగు గల గుర్రానికి ఎక్కువ బరువు కేటాయిస్తారు. జాకీ బరువు చాలకపోతే సీసపు ముక్కలతో భర్తీ చేస్తారు. మూడవది స్టార్టింగ్ గేటులో స్థానం. అర్ధవృత్తాకారపు మలుపులో లోపలి కంచెకు ఒక్క మీటరు ఎడంగా పరుగెత్తిన గుర్రానికి సుమారు 3.14 మీటర్ల అదనపు దూరం పడుతుంది. ఇది ఒక గుర్రం పొడవు కన్నా ఎక్కువ.

3. జాకీ చేతిలో ఉన్నవి

వెలుపలి స్థానం వచ్చిన జాకీకి రెండు మార్గాలుంటాయి. ఆరంభంలోనే వేగం పెంచి కంచె దగ్గరకు చేరవచ్చు. అందుకు శక్తి ఖర్చవుతుంది. లేదా వెనుకకు తగ్గి ఇతర గుర్రాల చాటున సాగవచ్చు. అప్పుడు గాలి నిరోధం తగ్గుతుంది గాని, చివరలో దారి దొరకక చిక్కుబడే ప్రమాదముంది.

వేగ నిర్ణయానికి గుర్రపు శరీరధర్మమే హద్దు. పూర్తి దౌడులో గుర్రం ఒక్కో అంగకు ఒక్కసారి మాత్రమే శ్వాసిస్తుంది. విశ్రాంతిలో నిమిషానికి 30-40 సార్లు కొట్టుకునే గుండె అప్పుడు 200 దాటుతుంది. 2000 మీటర్ల డెక్కన్ డెర్బీ వంటి పందెంలో ముందు మిగుల్చుకున్న శక్తే ఆఖరి దౌడుకు అక్కరకు వస్తుంది. పగ్గాన్ని ఎప్పుడు వదలాలన్నదే జాకీకి అసలు పరీక్ష.

కూర్చునే తీరు కూడా ముఖ్యమే. 1900 ప్రాంతంలో జాకీలు కురచ రికాబులపై ముందుకు వంగి స్వారీ చేయడం మొదలుపెట్టాక పందెపు సమయాలు 5-7 శాతం మెరుగుపడ్డాయని 2009లో 'సైన్స్' పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపింది. ఆ భంగిమలో గుర్రం జాకీ బరువును మోస్తుందే గాని, అంగ అంగకూ దానిని ఎగరవేయనక్కరలేదు.

4. రెండు హృదయాలు

భారతకథలోని నలోపాఖ్యానం ఈ చర్చకు తోడ్పడుతుంది. బాహుకుని రూపంలోని నలునికి తెలిసినది అశ్వహృదయం. బక్కచిక్కిన గుర్రాలలోనే అతడు సత్తువను గుర్తిస్తాడు. ఋతుపర్ణునికి తెలిసినది అక్షహృదయం. చెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కగడతాడు. వారు విద్యలను మార్చుకోవడానికి ఒప్పుకున్నారంటే, ఆ రెండూ వేరువేరు విద్యలన్నమాట.

5. ముగింపు

పందెం కాసేవానికి రేటింగు, బరువు, గేటు, నేల స్థితి ముందే తెలుస్తాయి. వాటిని తూచి చూడడం నైపుణ్యమే. కానీ జాకీ కీలక నిర్ణయాలు పందెం కాసిన తరువాతే జరుగుతాయి. గుర్రంపై ఉన్నవానికి నేర్పు అయినది, గ్యాలరీలో ఉన్నవానికి అదృష్టంగానే మిగులుతుంది. కనుక జాకీ అశ్వహృదయాన్ని నిరూపించినంత మాత్రాన పందెం కాసేవాని అక్షహృదయం నిరూపితం కాదు. ఈ రెండింటినీ విడదీసి చూసినప్పుడే, జూదమా క్రీడా అన్న చర్చ సరైన దారిలో సాగుతుంది.