పూరీ తిని వెళితే కొవ్వు లెక్క తప్పు

రక్త పరీక్ష కోసం మొదటి బస్సుకే పట్నం చేరినవారు, ల్యాబు తలుపులు తెరిచేలోగా పక్క హోటల్లో పూరీ తిని, టీ తాగి రావడం మామూలే. మలేరియా పరీక్షకయితే ఫరవాలేదు. కొలెస్టరాల్ పరీక్షకయితే ఆ పూరీ రిపోర్టులోని అంకెలనే మార్చవచ్చు.

కొలెస్టరాల్ విషం కాదు. ఒంటికి అది కావాలి. అందులో ఎక్కువ భాగాన్ని శరీరమే తయారు చేసుకుంటుంది. రక్తంలో మోతాదు మించితేనే ముప్పు. గుండెకు వెళ్లే రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. ఏళ్ల తరబడి నొప్పీ ఉండదు, సూచనా ఉండదు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

రంగును బట్టి కొలత

చేతి నరం నుంచి తీసిన రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, గిర్రున తిప్పే యంత్రంలో పెడతారు. గడ్డ అడుగుకు చేరి, పైన లేత పసుపు నీరు తేలుతుంది. అదే సీరం. దానికి ఎంజైములున్న మందు కలిపితే గులాబీ రంగు వస్తుంది. కొలెస్టరాల్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. యంత్రం ఆ రంగులోంచి వెలుతురు పంపి అంకె తేలుస్తుంది. ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు బాగా పెరిగినవారి సీరం బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంటుంది.

కొలవని అంకె

రిపోర్టులో ముఖ్యమైనవి నాలుగు: మొత్తం కొలెస్టరాల్, మంచిదనే హెచ్‌డీఎల్, చెడ్డదనే ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను విడిగా కొలవరు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సహచరులు చెప్పిన సూత్రంతో లెక్క కడతారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసివేస్తే మిగిలేదే ఎల్‌డీఎల్.

మొత్తం 220, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 150 అనుకుందాం. ఎల్‌డీఎల్ 150 వస్తుంది. అదే మనిషి కడుపునిండా తిని వెళ్లగా ట్రైగ్లిజరైడ్లు 250 అయ్యాయనుకోండి. ఎల్‌డీఎల్ 130కి దిగుతుంది. ఒంట్లో చెడ్డ కొవ్వు తగ్గలేదు, లెక్క మారిందంతే. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు.

100 మిల్లీలీటర్లకు మొత్తం కొలెస్టరాల్ 200 మిల్లీగ్రాముల లోపు, ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండడం మేలు. హెచ్‌డీఎల్ మగవారికి 40, ఆడవారికి 50 కంటే తగ్గరాదు. ఎల్‌డీఎల్ ఎంతలో ఉండాలన్నది చక్కెర వ్యాధి, బీపీ, గుండెజబ్బు ఉన్నదీ లేనిదీ చూసి డాక్టరు చెబుతారు.

దాచకుండా చెప్పాలి

తొలి పరీక్షకు తిని వచ్చినా సరేననే వైద్యులు ఇప్పుడు ఉన్నారు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ వస్తే మాత్రం మళ్లీ పరగడుపున చేయించమంటారు. పరగడుపున రమ్మంటే 9 నుంచి 12 గంటలు ఏమీ తినరాదు. మంచినీళ్లు తాగవచ్చు. కాఫీ, టీలు వద్దు. ముందు రోజు కల్లు, మద్యం ముట్టరాదు. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు ముందే డాక్టరును అడగాలి.

పొరపాటున తిని వెళితే, తిప్పి పంపుతారని ఆ మాట దాచకూడదు. మళ్లీ వస్తే పోయేది బస్సు చార్జీయే. తప్పు అంకె చూసి అంతా బాగుందనుకుంటే అందాల్సిన మందు అందకుండా పోతుంది.