“లేదు” అను మాటకు ఋజువేది?

చిలకలూరిపేటలో చదువుకొను ఒక పేద విద్యార్థిని ఉపకార వేతనమునకు దరఖాస్తు పెట్టినదనుకొందము. నియమము ఇది: హాజరు చాలినంత ఉండి, వేరొక వేతనము పొందనివారు అర్హులు. హాజరు పట్టీలో కనబడును. “పొందలేదు” అనుదానిని ఎక్కడ చూడవలెను? లేనిదానికి చిట్టా ఉండదు గదా!

ఈ చిక్కు మన తర్కమునకు క్రొత్త కాదు. కుమారిలభట్టు మతమువారు “అనుపలబ్ధి”ని ఒక ప్రమాణముగా అంగీకరించిరి. ఉన్నచో తప్పక కనబడవలసిన చోట కనబడనిది లేదని వారి నిర్ణయము. 1972 ప్రాంతమున ఫ్రాన్సులో పుట్టిన ప్రోలాగ్ అను కంప్యూటరు భాష ఇట్టి త్రోవనే త్రొక్కినది. వాస్తవములను, నియమములను ఇచ్చి ప్రశ్న వేయగా, ఋజువు దొరకనిచో “లేదు” అనును. 1978లో కీత్ క్లార్క్ దీనికి శాస్త్రీయమైన అర్థము చెప్పెను. గణితమున ఋజువైన సిద్ధాంతము క్రొత్త వాస్తవముచే చెడదు. ఇక్కడ ఒక్క రశీదు బయటపడినచో నిన్నటి తీర్పు నేడు మారును. ఇట్టిదానినే నాన్‌మొనోటానిక్ తర్కమందురు.

జవాబు త్వరగా రాబట్టుటకు మూడు ఉపాయములు కలవు. మొదటిది, అడిగిన పేరును ముందే నియమములలోనికి తీసికొనిపోయి, దానికి సంబంధించిన కాగితములనే తిరగవేయుట. 1986లో వెలువడిన ఈ పద్ధతికి “మ్యాజిక్ సెట్లు” అని పేరు. రెండవది, ఒకసారి తేలిన జవాబును పట్టికలో వ్రాసికొని మరల వెదకకుండుట. మూడవది వరుస. పొందినవారి జాబితా పూర్తి కానిదే “పొందలేదు” అనరాదు. కావున నియమములను చుక్కలుగా, వాటి ఆధారములను బాణములుగా గీచి, పరస్పరము ఆధారపడినవాటిని గుంపులు చేసి, క్రింది గుంపును ముగించి పైదానికి పోవలెను. అట్టి గుంపులను రెండే నడకలలో కనిపెట్టు పద్ధతిని 1978లో చూపినవారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇంజనీరింగు చదివిన కొసరాజు సాంబశివరావుగారు.

“ఇతనికి రానిచో ఆమెకు, ఆమెకు రానిచో ఇతనికి” అని నియమములు చుట్టుకొన్నచో? 1988లో గెల్‌ఫాండ్, లిఫ్‌షిట్జ్‌లు రెండు తీర్పులును వేర్వేరుగా నిలుచుననిరి. అదే యేట వాన్ గెల్డర్, రాస్, ష్లిఫ్‌లు “తేలలేదు” అను మూడవ జవాబునిచ్చిరి. మొదటి త్రోవలో లెక్క ఒక్కొక్కప్పుడు విపరీతముగా పెరుగును; రెండవది త్వరగా ముగియును.

మేము చెప్పదలచినది ఒక్కటే. ఆ విద్యార్థిని హాజరు పుట ఒకటి యంత్రమునకు ఎక్కనిచో, అది క్షణములో “అర్హత లేదు” అనును. ఆ వేగమే ఆమె చదువును ఆపగలదు. “దొరకలేదు”, “లేదు” అనునవి ఒకటి కావు. చిట్టా పూర్తియైనదా అని ముందుగా అడుగుట యంత్రము పని కాదు. అది మన పని.