మార్చారు సరే, చెప్పిందెవరికి?

పైథాన్‌లో సమాచారాన్ని గుప్తంగా ఉంచే పని చూసే ‘క్రిప్టోగ్రఫీ’ అనే ప్యాకేజీ ఉంది. 2021లో దాని వెర్షన్ 3.4.8 దాకా వచ్చి, ఆ తర్వాతి విడుదలకు ఏకంగా 35.0.0 అయి కూర్చుంది. మధ్యలో పోయిందేమీ లేదు. 3.5 అనాల్సిన చోట చుక్క తీసేసి కొత్త లెక్క మొదలుపెట్టారు, అంతే. అదే ఏడాది ఫిబ్రవరిలో జరిగిన గొడవ తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచలేదు.

ఫిబ్రవరిలో 3.4 వచ్చింది. అందులో కొంత పనిని రస్ట్ భాషలోకి మార్చడం మొదలైంది. భద్రత కోసమే, ఉద్దేశం మంచిదే. కానీ అప్పట్లో రెడీమేడ్ ప్యాకేజీ దొరకని ఆల్పైన్ లైనక్స్ లాంటి చోట్ల దాన్ని అప్పటికప్పుడు తయారుచేసుకోవాల్సి వచ్చేది. అందుకు అంతకుముందు దాకా అక్కర్లేని రస్ట్ కంపైలర్ కావాల్సి వచ్చింది. దాంతో ఎన్నో చోట్ల ఇన్‌స్టలేషన్లు ఆగిపోయాయి. ఆ ప్యాకేజీ పేరే వినని వాళ్లవీ ఆగాయి. మనం ఒకటి వేసుకుంటే అది మరోదాన్ని, అది ఇంకోదాన్ని వెంటబెట్టుకు వస్తాయి మరి. ముందే ప్రకటించామన్నారు తయారుచేసినవాళ్లు. నిజమే, ప్రకటించారు. డిపో గోడకు నోటీసు అంటించి రూటు మారిస్తే ఊరి స్టాపులో నిలబడ్డవాడికి తెలిసేదెలా?

వెర్షన్ అంకెలూ కొంత మోసం చేశాయి. గిట్‌హబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాసిపెట్టిన పద్ధతి ప్రకారం మొదటి అంకె మారితే జాగ్రత్తపడాలి, రెండోది మారితే కొత్త సౌకర్యం, మూడోదైతే మరమ్మతు. 3.3 కాస్తా 3.4 అయితే చిన్న మార్పేలే అనుకోరూ? క్రిప్టోగ్రఫీ వాళ్లు అప్పట్లో పాటించింది ఆ పద్ధతి కాదు. ఆ సంగతి తెలిసినవాళ్లకే తెలుసు.

లెక్కల ప్యాకేజీ నంపై దారి వేరు. అందులో ‘ఎన్‌పీ.ఫ్లోట్’ అనేది పైథాన్ సొంత ‘ఫ్లోట్’కే మారుపేరు. జనం దాన్ని నంపై ప్రత్యేక రకమని పొరబడేవారు. 2021 జనవరిలో 1.20తో వాడొద్దని హెచ్చరించి, 2022 డిసెంబరులో 1.24తో తీసేశారు. దాదాపు రెండేళ్ల గడువు. అయినా ప్రోగ్రాం ఆగాకే తెలిసినవాళ్లు బోలెడుమంది. ఈ రకం హెచ్చరికలను పైథాన్ 2.7 నుంచే తెరమీదకు రానివ్వడం లేదు, మామూలు జనాన్ని విసిగించకూడదని. 3.7 వచ్చాక మనం నేరుగా నడిపే ఫైల్లోవి కనబడుతున్నాయి, లోపలి ప్యాకేజీల్లోవి ఇప్పటికీ కనబడవు.

కానీ ఆగినప్పుడు వచ్చే ఎర్రర్ చూడండి. ఆ పేరు తీసేశాం, దాని బదులు ఉత్త ‘ఫ్లోట్’ అని రాస్తే చాలు, మీ లెక్క మారదు, నంపై రకమే కావాలంటే ‘ఫ్లోట్64’ రాయండి, వివరాలు 1.20 రిలీజ్ నోట్స్‌లో ఉన్నాయి అని చెబుతుంది. ఆగిన చోటే మందు చీటీ కూడా చేతిలో పెట్టిందన్నమాట. ఏం మారిందో చెప్పే చేంజ్‌లాగ్ అంటే నా దృష్టిలో ఇదీ. చాలా ప్యాకేజీల్లో ఆ పేరుతో ఉండేది పనివాళ్లు తమకోసం రాసుకున్న చిట్టా. ‘టెస్టు సరిచేశాం’, ‘మళ్లీ సరిచేశాం’ అని చదివి వాడుకునేవాడు ఏం చేసుకోవాలి? జీతం భత్యం లేకుండా రాత్రిళ్లు కూర్చుని చేసేవాళ్లను ఇంతకంటే అనబుద్ధి కాదు.

డెబియన్ లైనక్స్‌లో ఒక మంచి ఏర్పాటుంది. మామూలు చేంజ్‌లాగ్ కాక, వాడేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన మార్పులను ప్యాకేజీలో విడిగా ‘న్యూస్’ ఫైల్లో రాస్తారు. ‘ఆప్ట్-లిస్ట్‌చేంజెస్’ అనే సాధనం ఉంటే అప్‌డేట్ పూర్తికాకముందే దాన్ని తెరమీద పెడుతుంది. కొనసాగించాలా అని అడిగేలా కూడా పెట్టుకోవచ్చు. మా ఆఫీసు సర్వర్లు చూసేది నేనే కాబట్టి అన్నింటిలో అలాగే పెట్టాను. శుక్రవారం సాయంత్రం అప్‌డేట్ కొట్టి బస్సు అందుకోవాలని చూసే మా కుర్రాళ్లకు అదంటే మహా చిరాకు. ఉండనీ.